వైఫై ఎక్కకపోవడమంటే సిగ్నల్ లేకపోవడం కాదు: మన రెండు జిల్లాల ఆఫీసు పెద్దలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఆఫీసుల మేనేజర్లకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, పైడిభీమవరం, బొబ్బిలి పారిశ్రామికవాడల్లోని ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ విభాగాలకు, "ఐటీ చూసే అబ్బాయి"కి ఏ తాళంచెవి ఇవ్వాలో నిర్ణయించే పెద్దలందరికీ

నమస్కారం.

సోమవారం పొద్దున్న మీ దగ్గరికి వచ్చే మొదటి ఫిర్యాదు ఏమిటో మీకూ తెలుసు, మాకూ తెలుసు. "ఏటి బాబూ, వైఫై ఎక్కట్లేదు." దానికి మీ ఆఫీసు ఇచ్చే జవాబూ తెలిసిందే. రూటర్ ఆపి వెయ్యి, లేదంటే నెట్‌వర్క్‌ని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలుపు. అప్పటికీ కుదరకపోతే సిగ్నల్ చాలట్లేదని తీర్మానించి ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా) కొంటారు. ల్యాప్‌టాప్‌ని కొత్త డబ్బా కిందికి తెచ్చినా అది అక్కడే ఆగిపోతుంది. దారి బాగానే ఉంది, ఆపుతున్నది గుమ్మం దగ్గర. ఎందుకు ఆపారో సర్వర్ లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, ఒక లైనులో రాసి ఉంటుంది. ఆ లైను చదివే హక్కు ఈ ఊళ్లో పనిచేసే మనిషికి ఇవ్వండని అడగడానికే ఈ లేఖ.

సిగ్నల్ సంగతి ముందే తేల్చేద్దాం. విజయనగరం కోట చుట్టుపక్కల పాత మేడల్లో గోడ మందం చూస్తే సిగ్నల్‌ని అనుమానించడం తప్పు కాదు. కానీ అనుమానించే ముందు కొలవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూల్యాన్ షో నెట్‌వర్క్స్ మోడ్=బీఎస్‌ఎస్‌ఐడీ" కొడితే ఒక్కో యాక్సెస్ పాయింట్ సిగ్నల్ శాతంలో కనిపిస్తుంది. విండోస్ 11 24హెచ్2లో లొకేషన్ ఆన్‌లో ఉంటేనే ఇది పనిచేస్తుంది. 66 శాతమంటే సిగ్నల్ బలం కొలతలో దాదాపు మైనస్ 67 డీబీఎం. అంతకు మించి ఉంటే సిగ్నల్ మాట ఇక ఎత్తక్కర్లేదు.

ఇంట్లో వైఫైకి అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. ఆఫీసులో 802.1ఎక్స్ అనే లాగిన్ ఏర్పాటు పెట్టుకుంటే ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. ఇక్కడ యాక్సెస్ పాయింట్ సొంతంగా ఏదీ తేల్చదు. గుమ్మం దగ్గర అర్జీ పుచ్చుకుని లోపలికి పంపే బంట్రోతు అది. అర్జీ యూడీపీ 1812 పోర్టు మీదుగా, లాగిన్‌ని సరిచూసే రేడియస్ సర్వర్‌కి చేరుతుంది. విండోస్ సర్వర్‌లో దాని పేరు ఎన్‌పీఎస్, లినక్స్‌లో ఎక్కువగా ఫ్రీరేడియస్. సర్వర్ ముందుగా గుర్తింపు కార్డులాంటి తన సర్టిఫికెట్ చూపిస్తుంది. ల్యాప్‌టాప్ దాన్ని నమ్మాకే ఇద్దరి మధ్య ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రుజువు ఆ చాటునే వెళ్తాయి. సర్వర్ ఒప్పుకుంటే ల్యాప్‌టాప్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ మధ్య నాలుగు సందేశాల్లో కీలు కుదురుతాయి. ఐపీ అడ్రసు ఇచ్చే డీహెచ్‌సీపీ వంతు ఆ తర్వాతే. సర్టిఫికెట్ దగ్గర ఆగినా, పాస్‌వర్డ్ దగ్గర ఆగినా, కీల దగ్గర ఆగినా విండోస్ తెర మీద కనిపించేది ఒకే వాక్యం: "కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్." ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా కొత్త సంగతి తెలియదు.

డీహెచ్‌సీపీ దగ్గర ఆగితే మాత్రం తేడా తెలుస్తుంది. కనెక్టెడ్ అనే ఉంటుంది, ఇంటర్నెట్ రాదు, ఐపీ అడ్రసు 169.254తో మొదలవుతుంది. అప్పుడు పాస్‌వర్డ్ జోలికి పోవద్దు, లోపలికి రానిచ్చేశారు. స్విచ్ పోర్టులో ఆ వీల్యాన్ (ఒకే తీగ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) ట్యాగ్ ఉందో లేదో, డీహెచ్‌సీపీ పూల్‌లో పంచడానికి ఉన్న అడ్రసులు అయిపోయాయేమో చూడండి. విండోస్ డీహెచ్‌సీపీలో లీజు మామూలుగా 8 రోజులు. ఒక పూట వచ్చి వెళ్లిన అతిథి ఫోన్ కూడా ఎనిమిది రోజులు ఒక అడ్రసు పట్టుకుని కూర్చుంటుంది. 254 అడ్రసులున్న కాలేజీ అడ్మిషన్ల వారంలో ఎన్ని రోజులు నెట్టుకొస్తుందో మీరే లెక్క వేసుకోండి.

మిగతావాటికి ముందుగా అడగాల్సింది ఒక్క ప్రశ్న. ఒక మనిషికి ఎక్కడికెళ్లినా రావట్లేదా, ఒక చోట ఎవరికీ రావట్లేదా, లేక అందరికీ ఒకేసారి పోయిందా?

ఒక మనిషికే అయితే ల్యాప్‌టాప్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, విండోస్, డబ్ల్యూల్యాన్-ఆటోకాన్ఫిగ్, ఆపరేషనల్. అక్కడ 12013 కనిపిస్తే 802.1ఎక్స్ దగ్గర తిరస్కరణ. 12012 వచ్చి ఆ తర్వాత 11006 వస్తే పాస్‌వర్డ్ దాటింది, కీల దగ్గర ఆగింది. 8001 అంటే కనెక్షన్ కుదిరింది. ఇంత ఓపిక లేకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూల్యాన్ షో డబ్ల్యూల్యాన్‌రిపోర్ట్" కొట్టండి. గత మూడు రోజుల చరిత్ర బొమ్మతో సహా ఒక పేజీగా వస్తుంది. ఫిర్యాదుతో పాటు ఆ పేజీ పంపమని ఉద్యోగులకు చెబితే సగం ఫోన్ కాల్స్ అక్కడే తగ్గుతాయి.

ఒక మనిషికి మాత్రమే వచ్చే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా తప్పుగా వైద్యం జరిగేది పాస్‌వర్డ్ మార్చిన మర్నాటి జబ్బు. ఉద్యోగి డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చుకుంటాడు. జేబులోని ఫోన్‌కి ఆ సంగతి తెలియదు. అది పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతూనే ఉంటుంది. ఖాతాకి అయిదు తప్పుల హద్దు పెట్టి ఉంటే కాసేపట్లో లాక్ పడుతుంది. మీ అబ్బాయి అన్‌లాక్ చేస్తాడు, టీ తాగి వచ్చేలోపు మళ్లీ లాక్. ఉద్యోగి ల్యాప్‌టాప్‌నే తిడుతుంటాడు, దోషి జేబులో ఉంటుంది. దీనికి వరుస ముఖ్యం. ముందు ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని తీసేయాలి, తర్వాత ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో ట్యాబ్లెట్ ఏదైనా ఆఫీసుకు వచ్చిపోతుంటే అందులోనూ. అన్‌లాక్ చేయడం ఆఖరి పని. తలకిందులుగా చేస్తే రోజంతా అదే పని. ఏ పరికరం కొడుతోందో తెలియకపోతే ఆఫీసు ఖాతాలుండే డొమైన్ కంట్రోలర్ సర్వర్‌లో 4740 (ఖాతా లాక్) ఈవెంట్ చూస్తారు చాలామంది. వైఫై ద్వారా పడిన లాక్‌కి అక్కడ కనిపించేది ఎన్‌పీఎస్ సర్వర్ పేరే, దానివల్ల ఉపయోగం లేదు. ఎన్‌పీఎస్‌లో 6273 ఈవెంట్ తెరిచి "కాలింగ్ స్టేషన్ ఐడెంటిఫైయర్" చూడండి. తలుపు కొడుతున్న పరికరం మ్యాక్ అడ్రసు, అంటే దాని వైఫై కార్డు నంబరు, అక్కడ ఉంటుంది.

అదే 6273లో కింద రీజన్ కోడ్ ఉంటుంది. 16 అంటే పేరూ పాస్‌వర్డూ కుదరలేదు. 48 అంటే ఏ పాలసీకీ ఈ మనిషి సరిపోలేదు, అంటే వైఫై గ్రూపులో చేర్చడం మరిచారు. కొత్తగా చేరినవాళ్లకి వచ్చేది ఎక్కువగా ఇదే. వాళ్ల చేత పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టిస్తే గ్రూపులో చేరరు కదా. 66 అంటే ల్యాప్‌టాప్ అడిగిన పద్ధతి పాలసీలో లేదు. 22 అంటే ఆ ఈఏపీ (లాగిన్ పద్ధతి) రకాన్ని సర్వర్ నడపలేకపోయింది. సర్వర్ సర్టిఫికెట్ ఊడిపోయినా ఇది కనిపిస్తుంది. 265 అంటే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మీద నమ్మకం కుదరలేదు. ఒక్క అంకె చదివితే తేలే విషయానికి ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసిన ఆఫీసులు మన దగ్గర ఉన్నాయి.

వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్‌ని కాపీ చేస్తే చివర ఖాళీ ఒకటి వెంట వస్తుందని కూడా గుర్తుంచుకోండి. అసలు పాస్‌వర్డ్ వాట్సాప్‌లో ఎందుకు తిరుగుతోందన్నది వేరే సంగతి.

గడియారం కూడా చాలామంది పట్టించుకోనిదే. ల్యాప్‌టాప్ కొన్నాళ్లు బీరువాలో ఉండి బయటికొస్తే, లోపలి సీఆర్2032 నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటే, తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్ ఇంకా పుట్టని రోజుల్లో ఆ ల్యాప్‌టాప్ బతుకుతుంటుంది, అందుకే నమ్మదు. నెట్ ఉంటే గడియారం సరవుతుంది, గడియారం సరైతేనే నెట్ వస్తుంది. ఈ ముడి చేత్తోనే విప్పాలి. తేదీ ఒక్కటే కాదు, టైమ్‌జోన్ కూడా భారత కాలమానమేనా అని చూడండి. అమెరికా పసిఫిక్ జోన్‌లో ఉంచి ముల్లు మాత్రం మన పదింటికి తిప్పితే చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, లోపల పన్నెండు గంటలు దాటిన తేడా. డొమైన్‌లో ఉన్న మెషీన్‌కి, లాగిన్ సరిచూసే కెర్బెరోస్ మామూలుగా సహించేది 5 నిమిషాల తేడానే. సర్వర్ల గడియారానికైతే చట్టం మాట కూడా ఉంది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయ సర్వర్లతోనో, వాటికి ముడిపడినవాటితోనో కలిపి ఉంచాలి. "సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్" అని పెట్టుకుంటే సరిపోతుంది.

ఆఫీసు కొత్తగా విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ లేదా ఎడ్యుకేషన్ 22హెచ్2కో, ఆ తర్వాతి వెర్షన్‌కో మారిందా? అయితే నిన్నటిదాకా తనంతట తాను కలిసిన ల్యాప్‌టాప్ ఇవాళ పాస్‌వర్డ్ అడుగుతుంది. తగిన హార్డ్‌వేర్ ఉన్న మెషీన్లలో, పాస్‌వర్డ్ రహస్యాల్ని కాపాడే క్రెడెన్షియల్ గార్డ్ 22హెచ్2 నుంచి దానంతట అదే ఆన్ అవుతోంది. విండోస్ లాగిన్ పాస్‌వర్డ్‌ని, వైఫైకి పాస్‌వర్డ్ రుజువు చూపే ఎంఎస్‌చాప్ వీ2 పద్ధతికి అందించడాన్ని అది ఆపేస్తుంది. గార్డ్‌ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు, వినకండి. పాస్‌వర్డ్ బదులు మెషీన్‌కే సర్టిఫికెట్ ఇచ్చే ఈఏపీ-టీఎల్ఎస్‌కి మారడమే మందు. లినక్స్ వాళ్లకి ఉబుంటు 22.04తో ఇలాంటిదే ఇంకో తంటా. అందులోని ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3, పాతకాలపు టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ భాష) మాట్లాడే సర్వర్‌ని దగ్గరికి రానివ్వదు. తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, మీ సర్వర్ ముసలిదైపోయింది.

మ్యాక్ ఫిల్టర్, అంటే అనుమతించిన మ్యాక్ అడ్రసుల జాబితా, కూడా పెట్టుకున్న ఆఫీసుల్లో, విండోస్‌లో "ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్" ఆన్‌లో ఉంటే మీ జాబితాలోని అడ్రసుతో ఆ ల్యాప్‌టాప్ రాదు. మ్యాక్ అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది కల్పిత అడ్రసు. ఆఫీసు నెట్‌వర్క్ వరకు దాన్ని ఆపితే చాలు.

ఇక ఒక చోట మాత్రమే రాకపోవడం. పిడుగుకి ఒక యాక్సెస్ పాయింట్ కాలిపోతుంది, కొత్తది తగిలిస్తారు. వైఫై పేరు కనిపిస్తుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఒక్కరూ లోపలికి పోలేరు. పది అడుగులు పక్క గదికి నడిస్తే అదే ల్యాప్‌టాప్ చక్కగా కలుస్తుంది. కొత్త బంట్రోతు ఎవరో సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు మరి. ఎన్‌పీఎస్ సిస్టమ్ లాగ్‌లో 13వ నంబరు ఈవెంట్ ఉంటే ఆ ఐపీ అడ్రసు తెలియదని సర్వర్ అంటోంది. 18 ఉంటే యాక్సెస్ పాయింట్‌కీ సర్వర్‌కీ మధ్య ఉండే రహస్య పదం (షేర్డ్ సీక్రెట్) రెండు వైపులా కలవలేదు. యాక్సెస్ పాయింట్లకు ఐపీలు స్థిరంగా ఇవ్వకుండా డీహెచ్‌సీపీకి వదిలేసిన చోట, కరెంటు పోయి వచ్చాక ఈ 13 పలకరిస్తుంది.

పలాసలోనో రాజాంలోనో బ్రాంచి ఉండి, రేడియస్ సర్వర్ విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటే ఇంకో రకం. హెడ్డాఫీసులో బాగా నడిచే ఈఏపీ-టీఎల్ఎస్ బ్రాంచిలో చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతుంది. సర్వర్ లాగ్‌లో యాక్సెస్-చాలెంజ్, అంటే ఎదురు ప్రశ్న, పంపినట్టు ఉంటుంది, జవాబు రాదు. సర్టిఫికెట్ మోసే ప్యాకెట్ పెద్దదై ముక్కలవుతుంది, దారిలో ఫైర్‌వాలో వీపీఎన్నో ముక్కల్ని పారేస్తుంది. పాలసీలో ప్యాకెట్ సైజు హద్దు, అంటే ఫ్రేమ్డ్-ఎంటీయూ, 1344 పెట్టండి. పాస్‌వర్డ్‌తో నడిచే పీఈఏపీలో ల్యాప్‌టాప్ పంపాల్సిన సర్టిఫికెట్ ఉండదు కాబట్టి ఇది అంతగా బయటపడదు. అందుకే "నిన్నటిదాకా బానే ఉంది, సర్టిఫికెట్లు పెట్టాకే పాడైంది" అని సర్టిఫికెట్లనే తీసేస్తారు. బ్రాంచిలో ఒక చిన్న రేడియస్ సర్వర్ ఉంటే లైను తెగిన రోజు కూడా లోపలి పని సాగుతుంది. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాల్లో లైను తెగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

అందరికీ ఒకేసారి పోతే మొదటి అనుమానం సర్వర్ సర్టిఫికెట్ గడువు మీద. రాత్రి గడువు ముగిసింది, పొద్దున్న ఒక్కరూ ఎక్కలేదు. బయటి సంస్థల సర్టిఫికెట్ల గడువు 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించలేదు. ఆ హద్దు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2029 మార్చికి 47 రోజులు. కొని తెచ్చిన సర్టిఫికెట్‌తో రేడియస్ నడిపితే అప్పటికి నెలన్నరకోసారి ఈ పండగే. లోపలి పనికి ఆఫీసు సొంత సీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే సర్వర్) పెట్టుకోవడం మేలు. ఆ సీఏ రూట్ సర్టిఫికెట్‌ని ల్యాప్‌టాప్‌ల్లో ఒకసారి ఎక్కిస్తే, ఆ తర్వాత సర్వర్ సర్టిఫికెట్ మారినా, పేరు అదే ఉంటే ఉద్యోగికి తెలియను కూడా తెలియదు. గడువుకి 30 రోజుల ముందు ఒకరికి కాదు, ఇద్దరికి గుర్తు వచ్చేలా క్యాలెండర్‌లో పెట్టండి. ఆ ఒక్కరు ఉద్యోగం మానేసి ఉంటారు.

విండోస్ సర్వర్ 2019 మీద కొత్తగా ఎన్‌పీఎస్ వేసి, లాగ్ పూర్తిగా ఖాళీగా ఉంటే ఫైర్‌వాల్ చూడండి. రూల్ ఉన్నట్టే కనిపిస్తుంది, పనిచేయదు. "ఎస్‌సీ సిడ్‌టైప్ ఐఏఎస్ అన్‌రిస్ట్రిక్టెడ్" కొట్టి సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే తీరుతుంది. ఫ్రీరేడియస్‌లో అయితే సర్వీసు ఆపి "ఫ్రీరేడియస్ మైనస్ పెద్ద ఎక్స్"తో నడిపి, ఒక ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించండి. "టీఎల్ఎస్ అలర్ట్ రీడ్, ఫేటల్, అన్‌నోన్ సీఏ" అని వచ్చిందనుకోండి. అందులో "రీడ్" అన్న మాటే కీలకం. అది సర్వర్ అన్నది కాదు, ల్యాప్‌టాప్ అన్నది, సర్వర్ చదివింది.

ఇప్పుడు మాకు నిజంగా కోపం తెప్పించే విషయం. చాలా ఆఫీసుల గోడ మీద అంటించిన కాగితంలో ఇలా ఉంటుంది: "హెచ్చరిక వస్తే కనెక్ట్ నొక్కండి. ఫోన్‌లో సీఏ సర్టిఫికెట్ దగ్గర డోంట్ వాలిడేట్ పెట్టండి." అంటే ఎదురొచ్చినవాడు ఎవడైనా సరే, వాడు ఆఫీసు మనిషేనని నమ్మమని ఉద్యోగికి రాతపూర్వకంగా చెప్పడం. రోడ్డవతల టీ కొట్టులో ఒకడు మీ వైఫై పేరే పెట్టుకుని ఒక చిన్న డబ్బా వెలిగిస్తే చాలు, డోంట్ వాలిడేట్ పెట్టుకుని అటు వెళ్లిన ప్రతి ఫోనూ ఉద్యోగి పాస్‌వర్డ్ రుజువు వాడి చేతిలో పెడుతుంది. ఎంఎస్‌చాప్ వీ2 రుజువు నుంచి తాళం తీయడం పాతకాలపు డెస్ ఎన్‌క్రిప్షన్ కీ ఒక్కటి వెతికినంత పని అని 2012లోనే డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో భద్రతా పరిశోధకులు మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చేసి చూపించారు. ఆ పాస్‌వర్డ్ వైఫైకే కాదు, మెయిల్‌కీ జీతాల ఫైలుకీ కూడా అదే. ఆండ్రాయిడ్ 11 తర్వాత చాలా ఫోన్లలో డోంట్ వాలిడేట్ అన్న ఎంపికే తీసేశారు. అందుకే కొత్త ఫోన్ కొన్నవాడికి మీ కాగితం పనికిరాదు. తప్పు ఫోన్‌ది అనుకుంటున్నారు.

ఇదంతా వద్దని గోడ మీద ఒకే పాస్‌వర్డ్ రాసి నడిపే చిన్న ఆఫీసులకు ఒక మాట. మానేసిన ఉద్యోగి వెళ్తూ ఆ పాస్‌వర్డ్‌ని కూడా తీసుకెళ్తాడు. పైన చెప్పిన సెర్ట్-ఇన్ ఆదేశాలే లాగ్‌లు 180 రోజులు దాచమంటున్నాయి. అందరి పేరూ ఒకటే అయితే ఆ లాగ్‌లో ఎవరిని చూపిస్తారు?

మీ నుంచి కావాల్సినవి పెద్ద ఖర్చులు కావు. ఎన్‌పీఎస్ లేదా ఫ్రీరేడియస్ లాగ్‌ని చదవడానికి మాత్రమే, మార్చడానికి కాదు, స్థానికంగా పనిచేసే మనిషికి అనుమతి ఇవ్వండి. కాంట్రాక్టు తీసుకున్న సంస్థ సర్వర్ పాస్‌వర్డ్ తన దగ్గరే అట్టిపెట్టుకుంటే, లాగ్ అందించడాన్ని కాంట్రాక్టులో షరతుగా రాయించండి. సర్వర్, డీహెచ్‌సీపీ, మధ్యలో స్విచ్, మూడింటినీ యూపీఎస్ మీదికి తెండి. కరెంటు వచ్చాక యాక్సెస్ పాయింట్లు సర్వర్‌కంటే ముందు లేచి, సర్వర్ చచ్చిపోయిందని గుర్తు పెట్టుకుని, అది లేచాక కూడా కాసేపు అడగడం మానేస్తాయి. ఉద్యోగి పాస్‌వర్డ్‌ని ఫోన్లో అడగడం, వాట్సాప్‌లో పెట్టించడం మానండి. లాగ్ చదవడానికి అది అక్కర్లేదు.

గోడ మీది ఆ కాగితం చింపేసి, దాని స్థానంలో ఇది అంటించండి. ఖాళీల్లో మీ వివరాలు నింపుకోవాలి.

"నెట్‌వర్క్ పేరు: ………… ఈఏపీ పద్ధతి: పీఈఏపీ. రెండో దశ: ఎంఎస్‌చాప్ వీ2. సీఏ సర్టిఫికెట్: ఆఫీసు ఇచ్చిన …………, దీన్ని ఐటీ గదిలోనే ఎక్కించుకోవాలి. డొమైన్: …………, అక్షరం తేడా లేకుండా. సర్టిఫికెట్ గురించి హెచ్చరిక వస్తే కనెక్ట్ నొక్కవద్దు, తెర ఫోటో తీసి ………… నంబరుకి పంపండి. పాస్‌వర్డ్ మార్చే ముందు ఫోన్‌లో ఈ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేయండి. ఫిర్యాదులో మూడు సంగతులు రాయండి: ఏ గది, ఏ సమయం, పక్కవారికి వస్తోందా లేదా."

ఇట్లు,
రెండు జిల్లాల్లో ఆఫీసు నెట్‌వర్కులు చూసుకునే టెక్నీషియన్లం